ఎడమచేతి గోడ

మేస్త్రి ఆ గోడని ముప్పై ఒక్కసార్లు కట్టించాడు. ఒకదాని పక్కన ఒకటిగా ముప్పై ఒక్క గోడలు కాదు. ఒకటే గోడ, బడి వెనకున్న ఒకే ఖాళీ స్థలంలో, అవే ఇటుకలతో. ఇది కాకమ్మ కబురు కాదు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే, కట్టినవాళ్ళకి తప్ప.

ఊరి చివర ఒక పెద్ద ఇల్లుంది. పరాయి దేశాల నుంచి సేవ చేద్దామని వచ్చేవాళ్ళు అందులో దిగుతారు. ఆరు గదులు, గదికి రెండు మంచాలు, ప్రతి మంచం కిందా ఎవరో మర్చిపోయిన ఒంటి చెప్పు. వచ్చేది పది పన్నెండు మంది, ఉండేది మూడు వారాలు. పొద్దున బడిలో పిల్లలచేత బొమ్మలు వేయించి, పాటలు నేర్పి, టీ తాగాక గోడ పనికి వస్తారు. ఆ పని చేయించేది మేస్త్రి.

మొదటి మూడేళ్ళూ అది నిజమైన పనే. బడికి ప్రహరీ, మరుగుదొడ్లు, పుస్తకాల గది, అన్నీ అలా లేచినవే. మేస్త్రి, అతని భార్య దగ్గరుండి కట్టించారు. నాలుగో ఏటికి కట్టాల్సినవి అయిపోయాయి. వచ్చేవాళ్ళు మాత్రం అయిపోలేదు. అప్పుడు ఆ ఇంటి మంచిచెడ్డలు చూసే మేనేజరమ్మ మేస్త్రిని పిలిచి వరండాలో కూర్చోబెట్టింది.

"వాళ్ళు పిల్లలకి నాలుగు ముక్కలు నేర్పుతున్నారు, అది అబద్ధం కాదు. కానీ మూడు వారాల్లో పిల్లాడికి ఏం వచ్చిందో కంటికి కనపడదు కదా మేస్త్రీ. గోడయితే కనపడుతుంది. దాని పక్కన నిలబడి ఫోటో దిగుతారు, అది చూసి ఇంకో పదిమంది బయల్దేరతారు. బడి నడవాలా వద్దా, నువ్వే చెప్పు."

"నడవాలమ్మా."

"మరింకేం."

మరింకేం, బడి వెనక ఒక గోడ లేచింది. జట్టు బస్సెక్కిన రెండో రోజున మేస్త్రి, అతని భార్య వెళ్ళి దాన్ని విప్పారు. సిమెంటు వాడకూడదన్నది అప్పుడు పెట్టుకున్న నియమమే. మట్టి అడుసుతో కట్టడం పాత పద్ధతి అని వచ్చినవాళ్ళకి చెబుతారు. పాత పద్ధతీ లేదు, పాడూ లేదు. సిమెంటుతో కడితే విప్పేటప్పుడు ఇటుక విరుగుతుంది, అంతే.

విప్పడం కూడా ఒక పనే. తాపీ అంచుతో సందులు గీకాలి. ఇటుకని అటూ ఇటూ కదిపి వదులు చేసి తీయాలి. అంటుకున్న మట్టిని ఇనుప బ్రష్షుతో తోమి, వంద చొప్పున దొంతర పెట్టాలి. ఏళ్ళ తరబడి అలా తోమగా తోమగా ఆ ఇటుకలకి మూలలు అరిగిపోయి, వాడిన సబ్బుబిళ్ళల్లా తయారయ్యాయి. కొత్తగా వచ్చినవాళ్ళు వాటిని చూసి, ఈ దేశంలో ఇటుకలు ఇలాగే ఉంటాయి కాబోలనుకునేవారు.

భార్య బతికున్నన్నాళ్ళు ఆ పని మేస్త్రికి బరువుగా లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ పాతికేళ్ళపాటు అతనికి ఇటుక అందించిన మనిషి ఆవిడ. కట్టేటప్పుడు అందించేది. విప్పేటప్పుడు గోడకి అటు పక్క నిలబడి అందుకునేది. చేతులు ఊరుకున్నా నోరు ఊరుకునేది కాదు. "పాపం వాళ్ళు దేశంకాని దేశం వచ్చి, ఎండలో మాడి కడితే, మనం రెండు రోజుల్లో పీకిపారేస్తున్నామయ్యా. వచ్చే జన్మలో మనకి ఇల్లు నిలవదు చూడు," అనేది. "ఈ జన్మలో మాత్రం మేడలున్నాయా," అనేవాడు మేస్త్రి. ఆ మాటా నిజమే. వాళ్ళకి ఉన్నది ఒక గది, ముందు రేకుల పందిరి. పిల్లలు లేరు.

ఒక వానాకాలంలో ఆవిడకి జ్వరం వచ్చింది. మూడు రోజులుంది, నాలుగో రోజు ఆవిడ లేదు.

ఆ తర్వాత మేస్త్రికి మనుషులు కరువయ్యారని ఎవరూ అనలేరు. ఏడాదికి రెండు మూడు జట్లు వస్తాయి. మొదటి వారం అతని పనిని గుడ్లప్పగించి చూస్తారు. రెండో వారం భుజం మీద చెయ్యి వేస్తారు. మూడో వారం వాటేసుకుని ఏడుస్తారు. ఉత్తరం రాస్తామంటారు. మొదట్లో మేస్త్రి ఎదురుచూశాడు కూడా, పోస్టుమాన్ సైకిలు బెల్లు వినిపిస్తే తాపీ కింద పెట్టి వీధిలోకి చూసేవాడు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు పెద్దలు. మూడు వారాలకి ఎవరూ ఏమీ అవరు. అతని రేకుపెట్టెలో ముప్పై ఒక్క ఫోటోలున్నాయి, అన్నిట్లోనూ ఒక చివర తాపీ పట్టుకుని అతనున్నాడు. మొదటి పదింట్లో పక్కన భార్య ఉంది.

పదకొండో ఫోటో ఆ అమ్మాయి వచ్చినప్పటిది.

అప్పటికి భార్య పోయి ఎనిమిది నెలలు. ఆ జట్టులో వచ్చిందే నలుగురు. రెండో రోజుకల్లా ముగ్గురికి కడుపులో తేడా చేసి మంచాలెక్కారు. వాళ్ళు తేరుకునేసరికి తిరుగు ప్రయాణం వచ్చింది. మిగిలింది ఈ పిల్ల ఒక్కతే. ఇరవై నాలుగేళ్ళుంటాయి. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. తాపీ చేతికిస్తే ఎడమచేత్తో పట్టుకుంది. మేస్త్రి తీసి కుడిచేతిలో పెట్టాడు. కాసేపటికి చూస్తే మళ్ళీ ఎడమచేతిలోనే ఉంది. మూడుసార్లు మార్చి చూసి, "పోనీలే తల్లీ, నీ చెయ్యి నీ ఇష్టం," అని వదిలేశాడు.

మధ్యాహ్నం జట్టువాళ్ళంతా ఇంట్లో బల్ల దగ్గర భోంచేస్తారు. ఈ అమ్మాయి కంచం పట్టుకొచ్చి, ఇటుకల దొంతర నీడలో, మేస్త్రికి నాలుగడుగుల దూరంలో చతికిలబడింది. అది భార్య కూర్చునే చోటు. ఆ సంగతి చెప్పడానికి మేస్త్రికి ఆ పిల్ల భాష రాదు, చెప్పే మనసూ లేదు. మొదటి రోజు కోపం వచ్చింది. రెండో రోజు రాలేదు. మూడో రోజు ఆ పిల్ల రావడం ఆలస్యమైతే కంచం ముట్టుకోకుండా కూర్చున్నాడు.

పని చేసే చోట పుట్టిన నాలుగు మాటలు ఇద్దరికీ సరిపోయాయి. ఇటుక, నీళ్ళు, దారం, చాలు, తప్పు, మళ్ళీ. అందులో ఎక్కువగా వాడింది తప్పు, ఆ వెంటనే మళ్ళీ.

ఎందుకంటే ఆ గోడ గోడలా లేదు. ఎనిమిదడుగుల పొడుగు, నడుమెత్తు, పన్నెండు వరసలు, అంతే. ఆ కాస్తలోనే చేయగలిగిన తప్పులన్నీ చేసింది. అతుకు మీద అతుకు పడకూడదన్నది తాపీ పనిలో మొదటి పాఠం. కింద రెండు ఇటుకలు కలిసిన చోట, పైన నిండు ఇటుక రావాలి. ఆ అమ్మాయి నాలుగో వరసలో మూడుచోట్ల అతుకు మీద అతుకు పెట్టింది. ఏడో వరసలో ఒక ఇటుకని బోర్లా వేసింది. తొమ్మిదో వరస చివర సగం ఇటుక రావాల్సిన చోట ముక్కలూ మట్టీ కలిపి కుక్కింది. వీటన్నిటికీ తోడు ఐదో వరస నుంచి గోడ ముందుకు పొడుచుకొచ్చింది. మేస్త్రి పైనుంచి గుండు కట్టిన దారం వదిలాడు. అది తిన్నగా దిగకుండా గోడ పొట్ట మీద ఆనుకుని కూర్చుంది.

మేస్త్రి తాపీ కింద పెట్టాడు. రెండు చేతులూ తన పొట్ట ముందు గుండ్రంగా పెట్టి, నడుం వెనక్కి వాల్చి, ఆయాసపడుతూ నాలుగడుగులు వేసి చూపించాడు. గోడకి నెలలు నిండాయి అని దానర్థం. ఆ అమ్మాయి ముందు తెల్లబోయింది, తర్వాత నవ్వు ఆపుకోలేక అడుసులో కూలబడింది. మేస్త్రీ నవ్వాడు. ఎనిమిది నెలల్లో అదే మొదటి నవ్వు. నవ్వాక, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు.

పన్నెండో వరస మాత్రం దారం పట్టినట్టు వచ్చింది. "తప్పు?" అని భయంభయంగా అడిగింది ఆ పిల్ల. మేస్త్రి కాదని తల ఊపాడు. వెళ్ళే రోజున బస్సు హారన్ కొడుతున్నా వినకుండా వెనక్కి పరుగెత్తుకొచ్చి, గోడకి చెంప ఆనించి నిలబడింది.

ఆ గోడని కూడా విప్పాడు. విప్పక చస్తాడా, వచ్చే నెలలో ఇంకో జట్టుంది. అతను ఒంటరిగా విప్పిన మొదటి గోడ అదే. మొదటి ఇటుక తీసి, చూడకుండానే అటు పక్కకి చెయ్యి చాచాడు. అందుకునే చెయ్యి లేదు. ఆ రోజు అలా చాలాసార్లు జరిగింది. ఆ అలవాటు మానుకుని గోడ దించేసరికి మూడు రోజులు పట్టింది, ఇద్దరుంటే పూటలో అయిపోయే పనికి. అందుకే ఆ గోడలో ఏ ఇటుక ఎలా కూర్చుందో అతనికి కంఠతా వచ్చేసింది. కట్టినవాళ్ళ కన్నా విప్పినవాడికే గోడ బాగా తెలుస్తుంది.

తొమ్మిదేళ్ళు గడిచాక ఒకరోజు మేనేజరమ్మ కబురు పెట్టింది. చేతిలో ఉత్తరం ఉంది.

"నీ ఎడమచేతి పిల్ల గుర్తుందా? వస్తోందట. వచ్చే వారం కాక ఆ పై గురువారం. ఇటుగా ఎక్కడికో పోతూ, పొద్దున దిగి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతుందట."

ఆ గోడ మొదలైన పద్నాలుగేళ్ళలో మళ్ళీ వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. మేస్త్రి మొహం విప్పారింది.

"అంత సంబరపడకు. ఎందుకొస్తోందో విను," అని మేనేజరమ్మ చదివి చెప్పింది. "ఈ తొమ్మిదేళ్ళలో నాలుగు ఉద్యోగాలు మారాను. మూడు ఇళ్ళు మారాను. పెళ్ళి చేసుకున్న మనిషి కూడా మారిపోయాడు, ఇప్పుడు ఒక్కదాన్నే ఉంటున్నాను. నా చేత్తో చేసిన వాటిలో నిలిచి ఉన్నది ఆ గోడ ఒక్కటే. ఒక్కసారి దాన్ని చూసి పోవాలని ఉంది."

మేస్త్రి వరండా స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయాడు. బడి వెనక అప్పుడు గోడ లేదు, దొంతరలున్నాయి.

"వానలకి పడిపోయిందని చెబుదాంలే," అంది మేనేజరమ్మ. ఆవిడకీ మనసు బాగాలేదు, అది గొంతులో తెలుస్తోంది. "అబద్ధమాడినా అతికినట్టుండాలి. మట్టి గోడ, వాన, నమ్ముతుంది."

"వద్దమ్మా. అంత దూరం వచ్చి పడిపోయిందని వింటే..." అని మేస్త్రి లేచాడు. "కడతాను. అచ్చం అదే కడతాను."

"శుక్రవారం పొద్దున కొత్త జట్టు దిగుతుంది. వాళ్ళ కంట్లో పాత గోడ పడకూడదు, గుర్తుంచుకో."

"ఆ పిల్ల బస్సెక్కగానే తీసేస్తానమ్మా."

ఆ రోజే పని మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళుగా తాపీ పట్టిన మేస్త్రికి నడుమెత్తు గోడ ఒక లెక్కా అనుకున్నాడు. మధ్యాహ్నానికి నాలుగు వరసలు లేచాయి. దూరం జరిగి చూశాడు. గీత గీసినట్టుంది గోడ. వంకరగా పెడదామని ఇటుక ఎత్తుతాడు, పెట్టేలోగా చెయ్యి దానంతటది సర్దేస్తుంది. తెలియకుండానే తాపీ పిడితో రెండు తట్లు తట్టి మట్టం చేసేస్తుంది. మర్నాడు విప్పి మళ్ళీ కట్టాడు. ఈసారి వంకరగానే వచ్చింది గానీ, అది ఆ పిల్ల వంకర కాదు, తాగి కట్టినవాడి వంకర. ఆ మాట అన్నది అతని అక్క.

అక్క రెండిళ్ళ అవతల ఉంటుంది. మనవలతో, మాటలతో కిటకిటలాడే ఇల్లు. తమ్ముడికి రోజూ మధ్యాహ్నం కారియర్ తెచ్చేది ఆవిడే, దాంతోపాటు నాలుగు చీవాట్లు కూడా.

"నా వంటింటి వెనక గోడ ఒరిగి ఏడాదయింది. దానికి తీరిక లేదు. ఎక్కడిదో, ఎవరిదో, మూడు వారాలున్న పిల్ల కోసం ఇక్కడ పనిగట్టుకుని వంకర గోడ కడుతున్నావు. అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో."

"నీ గోడ కూడా చేస్తాను అక్కా."

"ఆ, నేను పోయాక. ఒరేయ్, ఆ పిల్ల దాన్ని చూసి నాలుగు నిమిషాలు నిలబడి పోతుంది. దానికోసం ఇంత అవస్థా?"

"ఆ గోడ ఒక్కటే నిలిచిందని రాసింది అక్కా. దాన్ని పడగొట్టింది నేను."

అక్క కారియర్ గిన్నెలు విప్పి ముందు పెట్టింది.

మూడో రోజున మేస్త్రికి తోచింది. తాపీని ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. అంతే, అడుసు పడాల్సిన చోట పడలేదు. ఇటుక వెయ్యాల్సిన చోట వాలలేదు. చెయ్యి కొంకర్లు పోయింది. బొటనవేలి చర్మం లేచి, గుడ్డ కట్టుకోవాల్సి వచ్చింది. కానీ ఐదో వరస వేసి దూరం జరిగి చూస్తే, గోడ పొట్ట ముందుకొస్తోంది, సరిగ్గా ఆ పిల్లకి వచ్చిన చోటే. మేస్త్రికి కళ్ళు చెమర్చాయి. అరవై దాటాక పలక పట్టిన పిల్లాడిలా ఎడమచేత్తో పని దిద్దుకుంటూ, ఆ పిల్ల ఎంత కష్టపడిందో అప్పుడు తెలుసుకున్నాడు.

"పిచ్చి కుదిరింది, తలకి రోకలి చుట్టమన్నాడట," అంది అక్క చూసి. అయినా ఆ రోజునుంచి కారియర్‌తో పాటు ఉతికిన గుడ్డపీలిక తెచ్చింది, వేలికి కట్టుకోవడానికి ఉంటుందని.

నాలుగో వరసలో మూడు అతుకులు, ఏడో వరసలో బోర్లా ఇటుక, తొమ్మిదో వరస చివర ముక్కలూ మట్టీ. ఏదీ మరవలేదు. పన్నెండో వరస దగ్గర మాత్రం తాపీ మళ్ళీ కుడిచేతికి మార్చుకున్నాడు. ఆ వరస ఆ పిల్ల తప్పులేకుండా కట్టింది కదా. సోమవారానికి పని పూర్తయింది. మంగళ, బుధవారాలు ఒకటే వాన. టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, ఆ రెండు రోజులూ రేకుల పందిరి కింద కూర్చుని ఆకాశాన్ని తిట్టాడు.

గురువారం తెరిపిచ్చింది. మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకుని, తెల్లారకముందే టార్పాలిన్ తీసేసి, గోడ అడుగున రెండు పిడికిళ్ళ గడ్డి కూడా నాటాడు, పాతదనం కోసం. అబద్ధం అతికినట్టుండాలి మరి.

ఆ అమ్మాయి పొద్దుటి బస్సుకి దిగింది. భుజాన చిన్న సంచీ. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, కళ్ళద్దాలు వచ్చాయి. మేనేజరమ్మ టీ ఇచ్చి, నాలుగు మాటలు మాట్లాడి, కొత్త జట్టుకి ఏర్పాట్లు చూడాలని కారెక్కి పట్నం వెళ్ళిపోయింది. వెళ్తూ మేస్త్రి వైపు చూసి కళ్ళతోనే జాగ్రత్త చెప్పింది.

బడి వెనక్కి వచ్చిన పిల్ల ముందు గోడని చూడలేదు. "మేస్త్రీ!" అని అతని రెండు భుజాలూ పట్టుకుంది. మేస్త్రి ఎడమచెయ్యి వెనక దాచుకున్నాడు. తర్వాత ఆవిడ గోడ దగ్గరికెళ్ళింది. పొట్ట కనిపించింది. వెంటనే రెండు చేతులూ ముందు గుండ్రంగా పెట్టి, నడుం వాల్చి, ఆయాసపడుతూ నడిచింది. ఇద్దరూ నవ్వారు. ఇక అక్కడినుంచి, చాన్నాళ్ళకి చుట్టాలింటికి వచ్చినట్టు, ఒక్కొక్క తప్పునీ పలకరించింది. అతుకు మీద అతుకు చూపించి "తప్పు!" అంది. బోర్లా ఇటుక దొరికితే చప్పట్లు కొట్టింది. మేస్త్రికి ఒళ్ళంతా తేలికయింది. అంత సంతోషం అతనికి భార్య పోయాక ఎప్పుడూ కలగలేదు.

అప్పుడావిడ తొమ్మిదో వరస చివరికొచ్చింది. ముక్కలూ మట్టీ కుక్కిన చోట వేలు పెట్టి, నవ్వుతూ, అలవాటుగా నొక్కింది. వేలు గోరు దాటి లోపలికి దిగిపోయింది.

నవ్వు ఆగింది. వేలు బయటికి తీసి చూసుకుంది. పచ్చి మట్టి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తొమ్మిదేళ్ళ గోడలో నిన్నమొన్నటి అడుసు. ఇటుకల అరిగిన మూలలు తడిమి చూసింది. ఆ తర్వాత తలెత్తి మేస్త్రి వెనక దాగిన చేతి వంక చూసింది. అతను చెయ్యి ముందుకు తెచ్చాడు. బొటనవేలి గుడ్డ మట్టికొట్టుకుని ఉంది.

ఆవిడ స్థలం చివరికంటా నడిచి వెళ్ళి, నీళ్ళ పంపు దగ్గర అటు తిరిగి నిలబడింది.

మేస్త్రికి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. పడిపోయిందని చెప్పినా బావుండేది, ఇప్పుడు ఉన్నదీ పోయింది, లేనిదీ పోయిందనుకున్నాడు. క్షమించమనడానికి ఆ నాలుగు మాటల్లో మాట లేదు. చివరికి తనకి తెలిసిన పనే చేశాడు. తాపీ తీసుకుని, పన్నెండో వరస చివర సందు గీకి, ఒక ఇటుక తీశాడు. ఇనుప బ్రష్షుతో తోమాడు. కింద పెట్టాడు.

చప్పుడుకి ఆవిడ వెనక్కి తిరిగింది. మేస్త్రి ఇంకో ఇటుక తీసి, తోమి, దాని పక్కన పెట్టాడు. పక్కనున్న దొంతరలన్నీ చేత్తో చూపించాడు. పది వేళ్ళు మూడుసార్లు చూపించి, ఆ గోడ వైపు, అన్ని గోడలూ లేచి దిగిన ఆ ఖాళీ నేల వైపు చూపించాడు.

ఆవిడ నెమ్మదిగా దగ్గరికొచ్చింది. అర్థమైంది. చాలాసేపు ఆ దొంతరల్ని చూసింది. తర్వాత ఒక వేలు ఎత్తి, మేస్త్రి వైపు చూపించి, అడుగుతున్నట్టు కనుబొమలు ఎగరేసింది. ఒక్కడివేనా?

మేస్త్రి ముందు రెండు వేళ్ళు ఎత్తాడు. గోడకి అటు పక్కనున్న చోటు చూపించాడు. ఇటుకల దొంతర నీడలో, ఒకప్పుడు భార్యా, తర్వాత ఈ పిల్లా కూర్చుని భోంచేసిన చోటు చూపించాడు. తర్వాత ఒక వేలు మడిచేశాడు. మిగిలింది ఒక్క వేలు.

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. సంచీ కింద పడేసింది. చేతులు పైకి మడిచి, గోడకి అటు పక్కకి వెళ్ళి నిలబడి, రెండు చేతులూ చాచింది.

"ఇటుక," అంది.

మేస్త్రి ఇచ్చాడు. ఆవిడ అందుకుంది. బ్రష్షుతో తోమింది, దొంతర పెట్టింది, మళ్ళీ చేతులు చాచింది. కట్టేటప్పుడు ఎంత నెమ్మదో విప్పేటప్పుడు అంత చురుకు. మధ్యాహ్నం అక్క కారియర్ తెచ్చేసరికి సగం గోడ దిగిపోయింది.

"ఇదేమిట్రా, చూడ్డానికొచ్చినదాని చేతే పీకిస్తున్నావా!" అని అక్క నోరు తెరిచింది. కానీ తమ్ముడి మొహం చూసి, కారియర్ మూతలో సగం వడ్డించి ఆ పిల్ల ముందు పెట్టింది. ఆ పిల్ల మేస్త్రికి నాలుగడుగుల దూరంలో, పాత చోటే కూర్చుని తింది. అక్క పెద్దదాని మాదిరి పక్కనే నిలబడి, తినే చెయ్యి ఎడమదని గమనించి, మర్యాద కోసం ఊరుకుంది.

బస్సు వేళకి గోడలో ఒక్క ఇటుక మిగల్లేదు. మేస్త్రి దొంతర మీంచి ఒక ఇటుక తీసి, తీసుకెళ్ళమన్నట్టు ఇచ్చాడు. ఆవిడ దాన్ని కాసేపు పట్టుకుని, తీసుకెళ్ళి దొంతరలో పెట్టేసింది. ఉత్తరం రాస్తానని అనలేదు. మళ్ళీ వస్తాననీ అనలేదు. మట్టి చేత్తోనే అతని గుడ్డ కట్టిన చేతిని పట్టుకుని, బస్సు కండక్టరు కేకేసేదాకా వదల్లేదు.

మర్నాడు కొత్త జట్టు దిగింది. పదకొండు మంది. మొదటి వారం గుడ్లప్పగించి చూశారు, రెండో వారం భుజం మీద చెయ్యి వేశారు, మూడో వారం వాటేసుకుని ఏడ్చారు. నిలువెత్తు గోడ లేచింది. ఫోటో దిగారు, మేస్త్రి ఒక చివర నిలబడ్డాడు. మధ్యలో ఒక ఆదివారం అక్క వంటింటి గోడ నిలబెట్టి వచ్చాడు, సిమెంటుతో.

జట్టు బస్సెక్కిన రెండో రోజు పొద్దున్నే తాపీ, బ్రష్షు పట్టుకుని బడి వెనక్కి వెళ్ళాడు. పైవరస చివర సందు గీకి, ఇటుక వదులు చేసి తీశాడు. చూడకుండానే గోడ మీదుగా అటు పక్కకి చెయ్యి చాచాడు.

తొమ్మిదేళ్ళ కింద, మూడు రోజులు కష్టపడి మానుకున్న అలవాటు. ఒక్క పూటలో తిరిగొచ్చేసింది. కాసేపు అలాగే ఇటుక పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి నొప్పి పుట్టాక, గోడ చుట్టూ తిరిగి అటు పక్కకి నడిచి, తనే దాన్ని కింద పెట్టి, రెండోది తీయడానికి ఇటు వచ్చాడు.